క్రీడారంగమున ఛీత్కారము

సభలో మాటలాడు పెద్దమనిషి మాట నచ్చనప్పుడు శ్రోత యేమి చేయవలెను? లేచి పోవచ్చును, ప్రశ్న వేయవచ్చును, మఱునాడు పత్రికకు జాబు వ్రాయవచ్చును. ఈ మూడును మర్యాదలోనివే యని యందఱు నొప్పుకొందురు. కాని వేలకొలది జనము ఆట చూచుటకు కూడిన చోట నొక రాజకీయనాయకుడు ప్రత్యక్షమై చేయి యూపగా, ఆ జనము చప్పట్లు కొట్టుటకు మాఱుగా ఈసడించి కేకలు వేసినచో నది తగునా తగదా యనుటలో మాత్రము చదువుకొన్నవారిలోనే రెండు పక్షములు కలవు. ఇంగ్లీషువారు దీనిని 'బూ' యనుట యందురు. మన నాటకశాలలలోని ఈలలు, పిల్లికూతలు ఇంచుమించుగా నీ జాతిలోనివే. ఈ వ్యాసమున దీనిని ఛీత్కార మని వ్యవహరింతుము.

ఈ వాదము తీవ్రముగా రేగినది 2019వ సంవత్సరమున. ఆ యేడు అక్టోబరు 27వ తేదీ రాత్రి వాషింగ్టను నగరమున 'వరల్డ్ సీరీస్' అను బేస్‌బాల్ పోటీలో అయిదవ ఆట జరుగుచుండగా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంపు చూడవచ్చెను. సైనికులకు గౌరవముగా వారి రూపములను పెద్ద తెఱమీద చూపుచుండ జనము హర్షధ్వానము చేయుచుండెను. వెంటనే అధ్యక్షుని ముఖము తెఱపై కనబడెను. హర్షము ఒక్క క్షణమున ఛీత్కారముగా మాఱెను. కొందఱు "అతనిని చెఱలో వేయుడు" అనియు నఱచిరి. ఆ ప్రొద్దుననే యాయన ఐసిస్ నాయకుడు బాగ్దాదీ మరణవార్తను దేశమునకు ప్రకటించి యుండెను. మఱునాడు ఆయనను వ్యతిరేకించువారిలోనే కొందఱు "ఇది తగదు, పదవికైనను గౌరవ ముండవలెను" అనిరి. మఱికొందఱు "ఏల తగదు?" అని యడిగిరి.

తగదనువారు అల్పులు కారు. వారి మాటలను మొదట న్యాయముగా వినవలెను. వారు నాలుగు హేతువులు చెప్పుదురు. ఆట యనునది రాజకీయము సోకని చోటు, దానిని మలిన పఱుపరాదనుట మొదటిది. మనిషి యెట్టివాడైనను పదవిని గౌరవింపవలె ననుట రెండవది. ఆహ్వానముపై వచ్చినవా డతిథి, అతిథిని అవమానించుట అనాగరిక మనుట మూడవది. గుంపునకు నోరు వచ్చిన చేయి రాక మానదు, కేకలతో మొదలైనది కలహముతో ముగియు ననుట నాల్గవది. వీనిని వరుసగా పరీక్షింతము.

ఆటస్థలమునకు రాజకీయమును తెచ్చినవాడు ప్రేక్షకుడా? మన తెలుగునాటనే చూడుడు. 1983 జనవరి 9న నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసినది హైదరాబాదులోని లాల్‌బహదూర్ స్టేడియమున. 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డిగారు ప్రమాణము చేసినదియు నచ్చటనే. 2019 మే 30న జగన్‌మోహన్ రెడ్డిగారి ప్రమాణము విజయవాడలోని ఇందిరాగాంధీ స్టేడియమున జరిగెను. ఉప్పలులోని క్రికెట్టు మైదానమునకు రాజీవ్ గాంధీగారి పేరు. విశాఖపట్టణము మైదానమునకు రాజశేఖర రెడ్డిగారి పేరు. ఆడినవాని పేరు ప్రేక్షకులు కూర్చుండు వరుసలకు దక్కుచున్నది. ఏలినవాని పేరు సింహద్వారమునకు దక్కుచున్నది. 2023 మార్చి 9న అహమ్మదాబాదులో, తన పేరనే వెలసిన స్టేడియమున, ప్రధాని నరేంద్ర మోదీగారు ఆస్ట్రేలియా ప్రధాని ఆల్బనీసుగారితో కూడ నలంకరించిన బండిపై మైదానమును చుట్టివచ్చి జనమునకు అభివాదము చేసిరి. పిదపనే టెస్టు ఆట ఆరంభమయ్యెను. అమెరికాలో 1910 ఏప్రిల్ 14న అధ్యక్షుడు టాఫ్టు తొలి బంతిని విసరిన నాటినుండియు నధ్యక్షులు ఆ మర్యాదను పొందుచునే యున్నారు.

ఇదంతయు దోషమని మేము చెప్పుట లేదు. జనమున్న చోటికి నాయకుడు పోవుట సహజము. కాని ఆటస్థలమున చప్పట్లు రాజకీయము కానిచో ఛీత్కారమును రాజకీయము కాదు. ఛీత్కారము రాజకీయమైనచో చప్పట్లును రాజకీయమే. ఒకదానికి తలుపు తెఱచి రెండవదానికి గడియ వేయుట న్యాయము కాదు. పంటకు వాన కోరినవాడు ఉఱుము వినుటకును సిద్ధపడవలెను.

ఇది క్రొత్త తలంపును గాదు. రోము నగరపు మహావక్త సిసిరో క్రీస్తునకు పూర్వము 56వ సంవత్సరమున సెస్టియసు పక్షమున వాదించుచు, ప్రజల మనస్సు తెలియు తావులు మూడు కలవనెను: బహిరంగసభలు, ఎన్నిక కూటములు, క్రీడాప్రదర్శనములు. అంతకు మూడేండ్లకు ముందు అపొల్లో దేవుని ఉత్సవములలో నొక నటుడు నాటకములోని పాదమును పాంపేయునకు తగులునట్లు పలుకగా, జనము దానిని మరల మరల పలికించిరనియు, సీజరు ప్రవేశింపగా చప్పట్లు చల్లారె ననియు ఆయనయే తన మిత్రునికి జాబు వ్రాసెను. మన పద్యనాటకములలోని 'వన్సుమోరు' కేకలకు ఇది పెద్దన్న వంటిది. కొన్న చప్పట్లు పలుచగా వినబడుననియు సిసిరో గుర్తించెను. తరువాతి కాలమున నీరో చక్రవర్తి తనకు చప్పట్లు కొట్టుటకై అయిదువేలమందికి పైగా యువకులను కుదిర్చి, చప్పట్ల రీతులను నేర్పించెనని చరిత్రకారుడు స్యుటోనియసు వ్రాసెను. ఛీత్కారమునకు చోటులేని దేశమున చప్పట్లకును విలువ యుండదనుట కింతకన్న దృష్టాంత మేల?

ఇక పదవీ గౌరవము. పదవి ప్రజలది, అందు కూర్చున్నవాడు దానికి ధర్మకర్త. దేవాలయపు ధర్మకర్తను లెక్క అడిగినచో దేవుని దూషించినట్లు కాదు. న్యాయస్థానమున న్యాయమూర్తిని ఈసడించుట తప్పు; శాసనసభ గ్యాలరీలో కేకలు వేయుట తప్పు. ఏలయన నచ్చట పదవి పని చేయుచున్నది. ఆ పనికి నిశ్శబ్దము కావలెను. జాతీయగీతము పాడునప్పుడు కేక వేయుటయు తప్పే, అది యే యొక్కనిదియు గాదు గనుక. కాని ఆటస్థలమున మంత్రి మంత్రిత్వము చేయుట లేదు. కూర్చుండి ఆట చూచుచున్నాడు, లేక నిలుచుండి చేయి యూపుచున్నాడు. అప్పు డతని పని దేనికిని భంగము లేదు.

గుంపు పొరపడవచ్చును గదా యందురు. తప్పక పొరపడవచ్చును. 1951 ఏప్రిల్ 11న అధ్యక్షుడు ట్రూమను కొరియా యుద్ధమున సర్వసేనాని మెకార్థరును పదవినుండి తొలగించెను. తొమ్మిదినాళ్లకు వాషింగ్టనులోని గ్రిఫిత్ స్టేడియమునకు తొలి బంతి విసర వచ్చిన ట్రూమనును జనము ఛీత్కరించెను. సేనాని యెంత శూరుడైనను ప్రజలెన్నుకొన్న ప్రభుత్వమునకు లోబడవలె ననుట ప్రజాస్వామ్యమునకు మూలసూత్రము. ట్రూమను దానినే నిలిపెను. నాటి జనము తప్పు, ఛీత్కారము పొందినవాడు ఒప్పు. ఐనను నష్టమేమి? ఆయన బంతి విసరెను, ఆట చూచెను, తన నిర్ణయమును మార్చుకొనలేదు. ఇందువలన మాకు తోచినదేమన, ఛీత్కారము తీర్పు కాదు, అది ఫిర్యాదు. ఫిర్యాదు తప్పైనచో కొట్టివేయవచ్చును. తప్పు ఫిర్యాదు రావచ్చునని న్యాయస్థానపు తలుపులనే మూయుట మాత్రము పాడి కాదు.

సంఘసంస్కారమును కోరు మనవంటివారికి మఱియొక దృష్టాంతము మేలు చేయును. 1931 అక్టోబరులో, దేశము ఆర్థికమాంద్యమున మునిగియుండగా, అధ్యక్షుడు హూవరు ఫిలడెల్ఫియాలోని షైబ్ పార్కునకు ఆట చూడ పోయెను. అచ్చటి జనము ఛీత్కరించుటయే గాక "మాకు బీరు కావలెను" అని పాటగా నఱచెను. అప్పుడు దేశమంతట మద్యనిషేధ ముండెను. మద్యపానమును గర్హించు మనకు ఆ కోరిక రుచింపదు. కాని ఆ కేక దేశపు మనస్సును దాపక చెప్పెను: హూవరు 1932లో ఓడెను, 1933లో నిషేధము రద్దయ్యెను. సంస్కర్తకు చెవి యున్నచో, తన సంస్కారము ప్రజల మనస్సునకు ఎక్క లేదను మాట ఎన్నికలకు ముందే యాతనికి వినబడెడిది. మనకు నచ్చని కేకను వినకుండుట మన పక్షమునకే కీడు.

మర్యాద యను మాటను గూర్చి యొకటి చెప్పవలసి యున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచినప్పుడును, ఆ ఉద్యమము పల్లెపల్లెకు ప్రాకి సారా వేలములను అడ్డుకొన్నప్పుడును, "ఆడువారు వీధి కెక్కి అఱచుటయా" అన్నవారు లేకపోలేదు. ఆ యఱపు వలననే 1993లో సారా నిషేధము వచ్చెను. ఆ నాడు మర్యాద యనునది ఎవరికి గొడుగై నిలిచెనో తలచికొందము. అధికారికి జాబు వ్రాయుటకు భాష, న్యాయవాదికి ఇచ్చుటకు ధనము, పత్రికలో ప్రకటించుటకు పరిచయము ఉన్నవారికి కేక అనాగరికముగా తోచును. ఈ మూడును లేనివానికి దేవుడిచ్చినది గొంతు మాత్రమే.

మూడవది అతిథి మర్యాద. తిథి చెప్పక వచ్చినవాడు అతిథి యని మన పెద్దలు చెప్పు వ్యుత్పత్తి. ఆకలితో అలసటతో వాకిట నిలిచినవానికి పీట వేయుటకై యా ధర్మ మేర్పడినది. నాయకుడు తిథి వార నక్షత్రములతో ఆహ్వానపత్రిక నచ్చొత్తించుకొని, ముందు కాపలావారిని పంపి, వెనుక ఛాయాచిత్రకారులను తెచ్చికొని వచ్చును. ప్రేక్షకుడో, డబ్బిచ్చి టికెట్టు కొని వచ్చినవాడు. అతడు గృహస్థు కాడు, ఈయన అతిథి కాడు. పైగా అతిథియే ఇంటివారిని ఎండలో నిలువబెట్టిన నేమందుము? 2025 సెప్టెంబరు 7న న్యూయార్కులో యు.ఎస్. ఓపెన్ టెన్నిసు తుదిపోటీ ట్రంపుగారి రాకవలన, ఆయనకై చేసిన తనిఖీలవలన, అరగంటకు మించి ఆలస్యమయ్యెను. టికెట్టు గల జనము వెలుపల బారులు తీఱి నిలిచి యుండెను. ఆటకు భంగము కలిగించినది ఛీత్కారమా, రాకయా? పాఠశాలలలో పని చేయు మాకు ఈ దృశ్యము క్రొత్త కాదు. క్రీడోత్సవము నాడు ముఖ్య అతిథి పదింటికి వత్తునని పండ్రెండింటికి వచ్చును. తెల్లని దుస్తులు తొడిగి వరుస తీఱిన పిల్లలు ఎండకు సోలిపోవుదురు. పరుగుపందెము కుదించి, ఉపన్యాసమునకు చోటు చేయుదుము. ఆ పిల్లలకు మర్యాద నేర్పుచున్నామని మనము తలతుము. వారు నేర్చుకొనునది వేఱు.

నాల్గవ హేతువే బరువైనది. దానిని తేలికగా కొట్టివేయువారితో మేము ఏకీభవింపము. క్రీ.శ. 532 జనవరిలో కాన్‌స్టాంటినోపులు నగరపు రథక్రీడాస్థలమున జనము జస్టీనియను చక్రవర్తిని వేడుకొనెను. ఉరి తప్పి బ్రతికిన యిద్దఱు నేరస్థులను విడిచిపెట్టుమని వారి ప్రార్థన. ఒకడు నీలి పక్షమువాడు, రెండవవాడు పచ్చ పక్షమువాడు. చక్రవర్తి బదులు పలుకలేదు. దినమెల్ల వేడి, సాయంకాలమునకు ఆ రెండు వైరిపక్షములును గలిసి "నికా" యని, అనగా "జయించు" అని, అఱచుచు వీధుల పడినవి. వారము దినములు నగరము కాలెను. తుదకు అదే క్రీడాస్థలమున సైన్యము ముప్పదివేల మందిని చంపెనని ప్రొకోపియసు వ్రాసెను. గుంపునకు వెఱవవలసినదే. కాని ఆ కథలో కేకతోబాటు మౌనమును గలదు. ప్రజ తన మొఱ చెప్పుకొనుటకు మఱియొక చోటు లేని రాజ్యమున, ఉన్న యొక్క చోటను రాజు మాటలాడకపోయెను.

కావున గుంపును నోరు మూయుమనుట కాక, గుంపునకు మేర నేర్పుట మార్గము. ఆ మేర యేదో మన శాస్త్రములలోనే కలదు. భరతుని నాట్యశాస్త్రమున సిద్ధిని గూర్చిన యధ్యాయమున ప్రేక్షకుడు నోరు మూసికొని కూర్చుండవలె నని లేదు. చిఱునవ్వు, పెద్దనవ్వు, సాధువాదము, ఆశ్చర్యము, పెద్ద ధ్వని మున్నగువానిని వాక్కుచే తెలియు సిద్ధిగా ముని లెక్కించెను. అనగా ప్రేక్షకుని గొంతు ప్రయోగమునకు కొలబద్ద. కాని యాతడే ఘాతములను వేఱుగా చెప్పెను. పరులవలన కలుగు ఘాతములకు మాత్సర్యము, ద్వేషము, పక్షపాతము, ధనముచే విడదీయబడుట కారణము లనెను. పేడ, మట్టిపెళ్లలు, చీమలు మొదలగువానిని రంగముమీదికి విసరుటను అందు చేర్చెను. రెండువేల యేండ్ల నాటి ప్రేక్షకులును మనవంటివారే యని నవ్వు వచ్చును. ఐనను విభాగము స్పష్టము: గొంతు వేఱు, పెళ్ల వేఱు. స్వయముగా కలిగిన భావము వేఱు, కొనబడిన కేక వేఱు.

రెండవ పాఠము మహాభారతమున కలదు. ద్రోణుడు తన శిష్యుల అస్త్రవిద్యను చూపించుటకు హస్తినాపురమున రంగస్థలము కట్టించెను. రాజును, రాణులును, పౌరులును కూడిరి. భీమదుర్యోధనులు గదలు పట్టగా జనము రెండుగా చీలి యఱచెను. అది కలహమగు నని గ్రహించి ద్రోణుడు అశ్వత్థామను పంపి వారిని మాన్పించెను. జనమును దండింపలేదు, ఆటను ఆపెను. ఇది పాలించువాని వివేకము. పిదప కర్ణుడు వచ్చెను. అతని కులమెద్ది యని కృపుడడిగెను. సూతుడైన తండ్రికి కర్ణుడు మ్రొక్కగా చూచి భీముడు, నీకు తగినది కొరడాయే యని యెగతాళి చేసెను. ఆ సభలో పలుకబడిన వానిలో నింతకన్న నీచమైన ఛీత్కారము లేదు. కర్ణుని విల్లును గూర్చి, అతని గర్వమును గూర్చి, దుర్యోధనునితోడి చెలిమిని గూర్చి భీము డేమన్నను వినదగియుండెడిది. పుట్టుక నెత్తి పొడిచినందున, ధర్మజుని తమ్ముడయ్యు నాతడు ఆ గడియలో అధర్మపక్షమున నిలిచెను.

ఈ పాపము నేటికిని పోలేదు. ఆస్ట్రేలియాలో ఆదివాసి జాతికి చెందిన గొప్ప ఫుట్‌బాల్ ఆటగాడు ఆడమ్ గుడ్స్‌ను 2013 మొదలు 2015 వఱకు ప్రేక్షకులు ఆటయాటకు ఛీత్కరించిరి. అది అతని ఆటకే యని బుకాయించిరి. అతడు 2015లో ఆట మానెను. 2019లో ఆ క్రీడాసంఘము తాము సకాలమున నిలువలేదని యాతనికి క్షమాపణ చెప్పెను. అధికారములేని యొక మనిషిని అతని జాతికై వేలమంది యఱచి తఱుముట వేఱు. అధికారము గలవానిని అతని చర్యకై వేలమంది నిలదీయుట వేఱు. రెండింటికిని ధ్వని యొక్కటియే యగుటవలన రెండింటిని ఒక్కటిగా తూచరాదు.

దీనినిబట్టి మేము కొన్ని మేరలు చెప్పదలచితిమి. ఛీత్కారము అధికారము గలవానికే చెల్లవలెను. అతని చేతకు తగులవలెను గాని కులమునకు, మతమునకు, రూపమునకు, అతని యాలుబిడ్డలకు తగులరాదు. ఆట సాగుచుండగా ఆటగాని చెవిలో పడరాదు. గొంతును దాటి చేతికి రారాదు. ఎవరో కూలి యిచ్చి యఱపించినది కారాదు. చివరగా, క్లుప్తముగా ఉండవలెను. చెప్పవలసినది చెప్పి, ఆట చూడవలెను.

ఈ కొలతతో చూచిన వాషింగ్టను జనము సగము గెలిచి సగ మోడెను. ఈసడించుట వారి హక్కు. "చెఱలో వేయుడు" అనుట మాత్రము హక్కు కాదు, దురలవాటు. 2016 ఎన్నికలలో ట్రంపు సభలలో ఆయన ప్రత్యర్థినిని గూర్చి పుట్టిన కేకయే యది. విచారణ లేక శిక్షను గోరు కేకను ఎదిరిపక్షమునుండి అరువు తెచ్చికొన్నవాడు, ఎదిరిని గెలిచినవాడు కాడు. ఇంకొకటి: ఆ నగరమున 2016లో ట్రంపునకు వచ్చిన వోట్లు నూటికి సుమారు నాలుగు. ఆ మైదానపు కేకను దేశపు తీర్పుగా పత్రికలు చాటుట తగదు. టికెట్టు కొనగలిగినవారే స్టేడియమున నుందురు. దేశమంత స్టేడియము లేదు.

2012 సెప్టెంబరు 3న లండనులో జరిగినది మేలైన దృష్టాంతము. వికలాంగుల ఒలింపిక్ క్రీడలలో నాలుగువందల మీటర్ల పరుగునకు పతకము లీయ నాటి బ్రిటిషు ఆర్థికమంత్రి జార్జి ఆస్‌బోర్న్ వచ్చెను. పేరు ప్రకటింపగానే నిండు స్టేడియము ఛీత్కరించెను. ఆ ప్రభుత్వము వ్యయము తగ్గించు పేర వికలాంగుల భృతులలో కోత పెట్టుచుండెను. ఆ యేటి సంక్షేమ చట్టము ప్రాతభృతిని తీసి, క్రొత్త పరీక్షలతో వేఱొక భృతిని నెలకొల్పెను. అట్టి చేత చేసినవాడు ఆ వికలాంగుల మెడలోనే పతకము వేయ వచ్చెను. జనము అతని కులమడుగలేదు, రూపమును వెక్కిరింపలేదు, ఏమియు విసరలేదు. ఆ జనమే రాజకీయనాయకుల నందఱను ద్వేషించినదా యన, అదియు లేదు. ఆ క్రీడలలోనే మాజీ ప్రధాని గోర్డన్ బ్రౌనుకు హర్షధ్వానములు దక్కెను. ఒక లోపము మాత్రము కలదు: ఆ క్షణము ముగ్గురు ఆటగాండ్రది. ఏండ్ల శ్రమకు ఫలముగా వేదిక నెక్కిన నాడు వారి చెవిని పడిన మొదటి ధ్వని అదియే. ఆ తప్పులో పెద్దపాలు, పతకమిచ్చు చేతిగా ఆ మంత్రిని ఎన్నుకొన్నవారిదని మా యభిప్రాయము. పతకము లీయుటకు ఒకప్పటి విజేతలు లేకపోయిరా?

మన దేశమున 2025 డిసెంబరులో రెండు నాళ్ల యెడముతో రెండు దృశ్యములు కనబడినవి. 13వ తేదీన కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియమునకు ఫుట్‌బాల్ వీరుడు మెస్సీ వచ్చెను. నాయకులు, వారి పరివారము ఆయనను చుట్టుముట్టగా, పెద్దధర పెట్టి టికెట్టు కొన్నవారికి ఆయన మొగము కానరాలేదు. ఆయన కొలదిసేపటికే వెడలిపోగా జనము సీసాలు విసరి, కుర్చీలు విఱిచి, మైదానమును పాడుచేసెను. కోపము న్యాయమైనది, భరతుడు చెప్పిన పెళ్ల చేతికి రాగానే న్యాయము చేజాఱెను. 15వ తేదీన ఢిల్లీ స్టేడియమునకు మెస్సీని చూడ వచ్చిన జనము ముఖ్యమంత్రి రేఖా గుప్తగారు రాగా "ఏక్యూఐ, ఏక్యూఐ" అని యఱచెను. గాలి యెంత చెడినదో చెప్పు సూచికకు పేరది. ఇందు తిట్టు లేదు, పేరు లేదు, కులము లేదు. ఆ గాలిని పీల్చువారందఱ గొంతులనుండి వచ్చిన మూడక్షరములు మాత్రమే. ఫిర్యాదు ఇంత శుభ్రముగా వ్రాయుట ప్లీడరులకును కష్టము.

ఛీత్కారమును అణచుటవలన లాభ మున్నదా? 1925 జూన్ 14న బార్సిలోనాలో, నిరంకుశుడు ప్రీమో దె రివేరా పాలనలో, జనము స్పెయిను జాతీయగీతమునకు ఈలలు వేసినదని ఆటస్థలమును ఆరునెలలు మూయుమని యాజ్ఞ యయ్యెను; పిదప దానిని తగ్గించిరి. గీతమునకు ఈల వేయుట మేము మెచ్చము. కాని శిక్ష ఫలించెనా? 2009లో రాజు సమక్షమున కప్పు తుదిపోటీలో బార్సిలోనా, బిల్బావో జనము మరల ఈలలు వేసెను. ప్రభుత్వ టెలివిజను ఆ క్షణమును ప్రత్యక్షముగా చూపలేదు. దాచుటవలన ఈల కన్న దాపఱికమే పెద్దవార్త యయ్యెను. 2025 యు.ఎస్. ఓపెన్ నిర్వాహకులును అధ్యక్షుని రాకపై ప్రేక్షకుల ప్రతిక్రియను చూపవలదని ప్రసారకులను కోరిరి. ఆ కోరికయే ముందు లోకమెల్ల ప్రాకెను. చప్పట్లను చూపి ఛీత్కారమును కోయు యంత్రము నీరో చక్రవర్తికి లేదు; ఉండిన, అయిదువేలమంది జీతము ఆయనకు మిగిలి యుండును.

ఇంటిలో పిల్లలు అడుగుదురు. నాయకుని చూచి జనము ఏల కేకలు వేసిరని టెలివిజను ముందు కూర్చున్న బాలుడు తండ్రి నడిగినచో, "వారికి బుద్ధి లేదు" అని తప్పించుకొనుటయు, "బాగుగా చేసిరి" అని సంతసించుటయు రెండును చాలవు. అతడు చేసినదేమి, జనము కోరినదేమి, ఆ కేక మేరలో నున్నదా యని తల్లిదండ్రులు కూర్చుండబెట్టి చెప్పవలెను. తమ పక్షము నాయకునికి తగిలిన కేకను, ఎదిరిపక్షము నాయకునికి తగిలిన కేకను ఒకే త్రాసున తూచి చూపవలెను. ఈ పని పాఠశాలకంటె ఇల్లే బాగుగా చేయగలదు. ఏలయన బాలుడు మా పాఠమును పరీక్షకై వినును. తండ్రి పక్షపాతమును జీవితమునకై నేర్చుకొనును.

నాయకులకు మేము చెప్పదగినది స్వల్పము. మీకు నిజముగా ఆట ఇష్టమైనచో టికెట్టు కొని, వరుసలో కూర్చుండి చూడుడు. ఎవ్వరును మిమ్ము పలుకరింపకపోవచ్చును, అదియు నొక సుఖము. తెఱమీదికి రాదలచినచో వినుటకు సిద్ధపడి రండు. విన్న పిదప కేక వేసినవాని వెంట పోలీసును పంపక, కేకలోని మాట వెంట మీ మనస్సును పంపుడు. ప్రేక్షకులకు చెప్పదగినది ఇంకను స్వల్పము. మీ గొంతు మీది, మైదానము ఆటగానిది. ఒక్కమాఱు గట్టిగా చెప్పి కూర్చుండుడు. ఆపై పరుగు తీయువానిని చూడుడు. అతడు మీ కేకకొఱకు గాని, మంత్రి చేతి పతకముకొఱకు గాని యిన్నియేండ్లు తెల్లవాఱుజామున లేవలేదు.